పక్షిగూడును గృహస్థును

మహాశివరాత్రి వెళ్లినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువఱకును మన విశాఖపట్టణమున మూడు పనులు ఏకకాలమున జరుగుచుండును. పక్షులు గూళ్లు కట్టుకొనును. విద్యుచ్ఛాఖవారు వానలు రాకమునుపే తీగలకు తగులు కొమ్మలను నఱకింతురు. గృహస్థులు పెండ్లి ముహూర్తములును, పిల్లల సెలవులును చూచుకొని యిండ్లకు రంగులు వేయింతురు. ఈ మూడింటిలో మొదటిదానికి వేఱొక కాలము చాలవఱకు లేదు. మేత సమృద్ధిగా దొరకు దినములకే పిల్లలు గ్రుడ్డునుండి వెలువడవలయును గదా. తక్కిన రెండింటికిని సంవత్సరమంతయు నున్నది. అయినను ఏటేట తప్పుకొనవలసివచ్చునది పక్షియే.

ఈ విషయమును గుఱించి వ్రాయుటకు నాకు గల అర్హత స్వల్పము. నేను పక్షిశాస్త్రజ్ఞుడను గాను. పిల్లలకు తెలుగును, అప్పుడప్పుడు ఆంగ్లమును చెప్పు బడిపంతులను. కాని యిరువదియేండ్లుగా పిల్లలు నా బల్లమీదికి తెచ్చిపెట్టిన వింతవస్తువులలో గూళ్లే యెక్కువ. ఎవడో కొమ్మ విఱిగినదనును; ఎవడో గాలికి పడినదనును; నోరు విప్పనివాడు చెట్టెక్కి తెచ్చినవాడని నేను గ్రహింతును.

ఒక శ్రావణమాసములో గాజువాకనుండి వచ్చు కుఱ్ఱవాడొకడు పాడుపడిన కాకిగూడు తెచ్చెను. దానిలో పుల్లలు నాలుగోవంతైనను లేవు. తక్కినదంతయు ఇనుము. కట్టడములయొద్ద చువ్వలను కట్టు సన్నని తీగ, తుప్పుపట్టిన బద్దలు, గొడుగు ఊచయొకటి, కరెంటు తీగముక్కలు. లోపల మాత్రము కొబ్బరిపీచును చింపిరిగుడ్డలును మెత్తగా పఱచియున్నవి. "ఇది స్టీలుప్లాంటు క్వార్టరండీ మాస్టారూ!" అని వెనుకబెంచీనుండి యెవడో అనెను. తరగతియంతయు నవ్వినది. నేనును నవ్వితిని. కాని ఆ గూడు వారముదినములు నా బల్లమీదనే యుండెను. దానిని చూచినకొలది కాకిమీద గౌరవము పెరిగినది. పుల్ల దొరకనిచోట తీగను వంచుకొనవచ్చునని దానికెవరు చెప్పిరి? ఆ కాకికై తద్దినమునాడు పెరటిగోడయొద్ద చేతులు కట్టుకొని నిలుచుండి, "రావమ్మా, పిండము ముట్టవమ్మా" యని బతిమాలు గృహస్థుడే, మఱునాడు దాని గూటిని దోటితో పొడిపించుట నేను చూచితిని. పితృదేవతలకు ఆకలి తీరిన పిమ్మట దూతతో పని లేకపోయినది కాబోలు.

ఈ యూరికి చెట్టు విలువ చెప్పనక్కఱలేదు. మేఘాద్రిగెడ్డ కడలిని కలియు బురదనేలలను త్రవ్వి లోపలి రేవును కట్టిరి. 1933లో ఓడలు వచ్చినవి. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఊరు పెరుగుట తప్పని నేననను. నావంటివారి భోజనము ఆ పెరుగుదలయందే కలదు. ఆ పిమ్మట 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను వచ్చినది. ఒక్క పగటిలో వీథులకిరువైపుల నీడలు పోయినవి. కైలాసగిరి, కంబాలకొండ, సింహాచలపు కొండలు నిప్పంటుకొన్నట్లు మోడువాఱినవి. విశ్వవిద్యాలయ ప్రాంగణములో నేను చదువుకొన్ననాటి చెట్లను మఱునాడు గుర్తుపట్టలేకపోయితిని. ఆ తరువాతి యేండ్లలో పక్షులు మా వరండాలకును, కిటికీ చట్రములకును, ఏ.సీ. పెట్టెల వెనుకకును మునుపటికంటె చేరువైనట్లు నాకు తోచినది. ఇది లెక్కవేసి తేల్చిన మాట గాదు. ఇంట నుండువాని యనుభవము మాత్రమే.

మా యింటి వరండాలో రాధామనోహరపు తీగ యొకటి యున్నది. మూడేండ్ల క్రిందట చైత్రమాసమున దానిలో పిగిలిపిట్టల జంట గూడు కట్టినది. బుల్బులని పుస్తకములలో వ్రాయునది యిదియే. తలమీద నల్లని జుట్టు, తోకక్రింద ఎఱ్ఱని మచ్చ. గిన్నెవంటి చిన్న గూటిలో మూడు గ్రుడ్లు. తెలుపులో గులాబిరంగు కలిసి, ఎఱ్ఱని చుక్కలు చల్లినట్లుండెను. సుమారు రెండువారములు పొదిగిన పిమ్మట పిల్లలు వెలువడినవి. అప్పటినుండి మా యింట వరండా దీపము వేయుట మానితిమి. నా భార్య బట్టలారవేయు తాడును పెరటికి మార్చినది. పాలవానికి, పత్రికల కుఱ్ఱవానికి వెనుకదారి చూపితిమి. ఇంతలో ఒక ఉదయమున పిల్ల యొకటి క్రింద పడినది. ఒడలిపై ఈకలు లేవు, కన్నులింకను తెఱవలేదు. చీమలు బారుకట్టుచున్నవి.

మా యమ్మాయికప్పుడు పదియేండ్లు. అది చేయి చాపబోగా, మా క్రింది వాటాలోనుండు మామ్మగారు గుమ్మములోనుండి కేకవేసిరి. "ముట్టకమ్మా, ముట్టకు! మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి వెలేస్తుంది. మిగతావన్నీ కలిసి పొడిచి చంపేస్తాయి!"

అమ్మాయి చేయి వెనుకకు తీసికొనినది. పిమ్మట నావైపు తిరిగి, "వెలెయ్యడమంటే ఏమిటి నాన్నా?" అని అడిగినది.

నాకు సమాధానము వెంటనే దొరకలేదు. ఆ మాటయర్థము తెలియక గాదు. పదియేండ్ల పిల్లకు ఆ మాట తెలియకుండుటయే నాకొక శుభవార్తవలె తోచినది. దానిని చెడగొట్టుటకు మనసొప్పలేదు. "ముందు పిల్లను గూట్లో పెట్టు, తరవాత చెబుతాను" అంటిని. అమ్మాయి చీమలనూది, పిల్లను అరచేతిలోనికి తీసికొని, కుర్చీయెక్కి గూటిలో జాఱవిడిచినది. మేము లోపలికి వచ్చి కిటికీ తెఱ చాటున నిలుచుంటిమి. మామ్మగారును మాతో నిలుచుండిరి. పదినిముషములైన పిమ్మట తల్లిపక్షి ముక్కున పురుగుతో వచ్చి, మూడు నోళ్లను చూచి, మొదట తెఱచిన నోటిలో పెట్టి పోయినది. ఆ నోరు ఏ పిల్లదో మాకు తెలియలేదు. తల్లికిని ఆ విచారమున్నట్లు కానరాలేదు.

"ఏమో బాబూ, మా కాలంలో అలా అనేవారు" అని మామ్మగారు మెల్లగా క్రిందికి దిగిపోయిరి.

చదువరులారా, ఈ నమ్మిక మన దేశమున చాలచోట్ల కలదు. పిచ్చుకను ముట్టిన మైల యనియు, ముట్టినదానిని తోటిపిచ్చుకలు కులమునుండి త్రోసివేయుననియు బాల్యమున మనలో ననేకులు వినినదే. దీనిలో పక్షులకు సంబంధించిన సత్యమేమియు లేదు. పక్షిశాస్త్రజ్ఞులు లోకమంతటను గూటిలోని పిల్లలను చేతులతో తీసి, కాలికి చిన్న కడియము తొడిగి, మరల గూటిలో పెట్టుచున్నారు; తల్లులు వచ్చి యథాప్రకారము మేపుచున్నవి. మనుష్యుని వాసన తగిలినంతమాత్రమున పిల్లను విడుచునదే యైనచో ఈ పద్ధతి ఏనాడో ఆగిపోయియుండవలయును. పక్షులలో మైల లేదు. వెలి లేదు. ఈ రెండును మనవి. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించినపుడు దానికి వచ్చినవారిని వెలివేసినది పిచ్చుకలు గావు. తాకిన మైల, చూచిన మైల యని తోటిమనుష్యుని వీథిలోనుండి తప్పించినది కాకులు గావు. మనయింటి దోషమును చూరుక్రిందనున్న పక్షికంటగట్టి, "చూచితివా, ప్రకృతియే యిట్లు విధించినది" యని పిల్లలకు బోధించుచున్నాము. నాకు ఈ నమ్మికలో బాధ కలిగించు భాగమిదియే. ఒక పిట్టపిల్ల చీమలపాలగుట చిన్నదే యనుకొందము. పదియేండ్ల పిల్ల మనసులో, తాకుటవలన తల్లి బిడ్డను విడుచునను మాట నాటుకొనుట చిన్నది గాదు.

నా మిత్రుడొకడు, గణితోపాధ్యాయుడు, ఇది విని వేఱుగా వాదించెను. "అబద్ధమైతే అయింది గాని, ఆ అబద్ధమే కదండీ ఇన్నాళ్లు పిల్లల చేతులను గూళ్లకు దూరంగా ఉంచింది? దాన్ని తీసేసి ఏం పెడతారు?" అనెను. ఆలోచింపదగిన ప్రశ్నయే. గూటిని మాటిమాటికి తొంగిచూచుట నిజముగా కీడు. గూడు కట్టునపుడును, గ్రుడ్లు పెట్టునపుడును బెదరిన పక్షి దానిని విడిచిపోవుట కలదు. మనము కొమ్మలు తొలగించి చూచినచోటికి మన వెనుకనే కాకియును పిల్లియును వచ్చును. కాబట్టి ముట్టకుమను మాట మంచిదే. కాని కారణము తప్పైనపుడు మంచిమాట కూడ వేళగానివేళ చంపును. ఆ యుదయమున చీమలబారున పడిన పిల్లను కాపాడుటకు ముట్టుటయే ధర్మమైయుండెను. మైలకు భయపడి గూటిని ముట్టనివాడు పడిన పిల్లను ముట్టడు. తల్లి బెదరునని యెఱిగి గూటిని ముట్టనివాడు పడిన పిల్లను ఎత్తి గూటిలో పెట్టును. నా మిత్రుడు దీనికి సమాధానము చెప్పలేదు గాని, ఒప్పుకొనినట్లును కనబడలేదు. గణితమువారట్లే యుందురు.

ఇక్కడ ఒక భేదము చెప్పవలయును. ఈకలు లేక, కన్నులు తెఱవక పడిన పిల్లను గూటిలో పెట్టవలయును. గూడు దొరకనిచో చిల్లులున్న చిన్న బుట్టలో కొబ్బరిపీచు వేసి, గూడుండిన కొమ్మకే కట్టినను తల్లి సాధారణముగా వచ్చి మేపును. కాని ఒడలంతయు ఈకలు వచ్చి, పొట్టితోకతో నేలమీద గెంతుచున్న పిల్ల అనాథ గాదు. అది యెగురుట నేర్చుకొనుచున్నది; తల్లిదండ్రులు పైకొమ్మలోనే యున్నవి. దానిని దయతో ఇంటికి తెచ్చి పాలలో రొట్టె నానవేసి పెట్టువారు దానిని చంపుచున్నారు. పక్షులకు పాలు ఆహారము గావు. పిల్లిని ఇంటిలో కట్టివేసి, దానిని పొదచాటున విడిచి, మనము దూరముగా పోవుటయే చేయదగినది. ఏమియు చేయకుండుటకే ఇక్కడ ఎక్కువ ఓర్పు కావలయును.

శకునములనుగూర్చి కొంత. తీతువు అఱచిన నెవరికో మూడినదని మన పల్లెలలోనేగాక పట్టణములలోను భయము కలదు. కూర్మన్నపాలెము దాటిన పిమ్మట ఇండ్లస్థలములకై చదునుచేసి రాళ్లు పాతి విడిచిన నేలలు చాల కలవు. అటువంటి స్థలము ప్రక్కన ఇల్లు కట్టుకొనిన మా బంధువులొకరు, రాత్రులు తీతువు విడువక యఱచుచున్నదని శాంతి చేయింప తలపెట్టి, నన్ను ముహూర్తము చూడుమనిరి. సంస్కృతము వచ్చినవాడు పంచాంగము చూడగలడని లోకుల నమ్మకము. నేను తెల్లవాఱుజామున ఆ స్థలమునకు పోయి చూచితిని. తీతువు చెట్టుమీద గూడు కట్టదు. బయలునేలలో గులకరాళ్లనడుమ చిన్న గుంటయందు మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు మట్టిరంగున నల్లని మచ్చలతో రాళ్లలో రాళ్లై యుండును. కాలు వేయబోవువఱకును కానరావు. కుక్కగాని, నక్కగాని, కావలివాడుగాని రాత్రివేళ ఆ దరికి వచ్చినపుడు పక్షి లేచి, తలచుట్టు తిరిగి, గోలచేసి, వచ్చినదానిని దూరముగా మరలించును. మండుటెండలో కడుపుఈకలు నీటిలో తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబఱచునదియును ఆ పక్షియే. మనవారికి చావుకబురుగా వినబడునది ఒక తల్లి "ఇటు రావలదు" అను కేక. నేను మా బంధువులకు చెప్పిన శాంతి యొక్కటే: గ్రుడ్లున్నచోటికి నాలుగువైపుల నాలుగు కఱ్ఱలు పాతి, ఇసుక లారీని అటు త్రిప్పవలదని మేస్త్రీతో చెప్పుమంటిని. శాంతికంటె చవుక. ఆయన కఱ్ఱలును పాతించెను, శాంతియును చేయించెను. రెండింటిలో దేనివలననో గాని ఇంట నందఱును కుశలముగా నున్నారు.

గుడ్లగూబ ఇంట చొచ్చిన నెలలతరబడి ఇల్లు పాడుపెట్టవలయునను మాటయు ఇటువంటిదే. ఎలుకలు ధాన్యము తినిపోవుచున్నవని మొఱపెట్టుకొనుచు, ఎలుకలను తిను పక్షిని తఱిమివేయు గృహస్థునకు నేనేమి చెప్పుదును?

శకునములు చెప్పు పక్షి మఱియొకటి కలదు. సముద్రతీరమున మఱ్ఱిచెట్టు నీడను పంజరముతో కూర్చున్న చిలుకజోస్యగానిని చూడనివారుండరు. చెట్టుతొఱ్ఱలోని గూటినుండి ఱెక్కలు రాని పిల్లలను తీసి, ఱెక్కలు వచ్చిన పిమ్మట వానిని కత్తిరించి, ఆఱడుగుల ఆకాశము లేని ప్రాణిచేత మన భవిష్యత్తును చెప్పించుకొనుచున్నాము! బీదవాడైన ఆ జోస్యగానిమీద నాకు కోపము లేదు. రెండు రూపాయలో ఇరువది రూపాయలో యిచ్చి ఉద్యోగము వచ్చునా యని అడుగు పట్టభద్రులమీదనే కలదు. రామచిలుకను 2018లో మన రాష్ట్రపక్షిగా ప్రకటించినారు. అంతకు చాలముందే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షులను పట్టుటను నిషేధించినది. 1990–91లో దేశీయపక్షుల వ్యాపారమంతయు నిషేధింపబడినది. ఆ చట్టములో వేట యను పదమునకు ఇచ్చిన అర్థము చదువదగినది. తుపాకితో కొట్టుట మాత్రమే వేట గాదు. అడవిపక్షి గ్రుడ్లను పాడుచేయుటయు, గ్రుడ్లనుగాని గూటినిగాని కదల్చుటయు వేటయే. నేను దీనిని ఒక సంవత్సరము తల్లిదండ్రుల సభలో చెప్పినపుడు, నిండుసభలో నొకరు లేచి, "అయితే మా వాడు వేటగాడా మాస్టారూ?" అనిరి. సభ నవ్వినది గాని ఆయన నవ్వలేదు. ఆయన యింటి హాలులో గిజిగాని గూళ్లు ఆఱు, దీపపు బుడ్లు తొడిగి వ్రేలాడుచున్నవట.

గిజిగాని మాట వచ్చినది గనుక కొంచెము నిలువవలయును. ఈ పక్షియన్న నాకు పక్షపాతము. భీమునిపట్టణపు దారిలో తాటిచెట్లకు, ఈతచెట్లకు ఆకులచివర వ్రేలాడు ఆ గూళ్లను చూచి నిలువని బాటసారి మనుష్యుడు గాడు. వీనిని గుఱించి మనవారు ఎన్నియో కథలు చెప్పిరి. శ్రద్ధతో కూర్చుండి చూచినవాడు సలీం అలీ. 1930లో బొంబాయి దరి కిహీము గ్రామమున, నిచ్చెన వేసికొని దానిపై కూర్చుండి మాసములతరబడి ఆయన కనుగొనినదేమనగా: మగపక్షి సగము గూడు అల్లి ఆగును. ఆడుపక్షులు వచ్చి, లోపల దూఱి, అల్లిక లాగి చూచి, నచ్చిన ఒప్పుకొనును, నచ్చకున్న పోవును. ఒప్పుకొనిన పిమ్మటనే మగపక్షి దిగుడుగొట్టమును పూర్తిచేయును. పూర్తిచేసి, పొదుగుట ఆమెకు వదలి, తాను ప్రక్క ఆకుకు వేఱొక గూడు మొదలుపెట్టును! మహాభారతము ఆదిపర్వములో మందపాలుడను ఋషి శార్ఙ్గకపక్షియై, జరితను గ్రుడ్లతో ఖాండవవనమున విడిచి లపితవెంట పోయిన కథ కలదు. వ్యాసుడు పక్షులను బాగుగనే చూచినట్లున్నాడు.

ఆ గూటిని తెచ్చి దీపమునకు తొడుగుటలో తప్పేమి, పక్షి విడిచినదే గదా యందురు. నిజముగా విడిచినదో లేదో క్రిందనుండి తెలియదు. విడిచినదే యైనను, పాత గిజిగాని గూటిలో చిన్న మునియా పిట్టలు కాపురము పెట్టుట కలదు. గ్రుడ్లు సేకరించు వేడుక తెల్లవారిలోను మిక్కుటముగా నుండెడిది. 1885లో మన కాంగ్రెసు మహాసభను స్థాపించినవారిలో ముఖ్యుడైన హ్యూముగారు భారతపక్షుల గూళ్లను గ్రుడ్లను గుఱించి పెద్ద గ్రంథమే వ్రాసెను. ఆయన భాండారములో గ్రుడ్లు వేలకొలది. ఆ దినములలో శాస్త్రమట్లు నడచినది. ఇంగ్లండులోనే 1954లో చట్టము చేసి అడవిపక్షుల గ్రుడ్లు తీయుటను ఆపిరి. మా బడిలో అద్దాల బీరువాయందు గూళ్లు పెట్టవలయునని యొకమాఱు ప్రతిపాదన వచ్చినపుడు నేను వలదంటిని. దాని బదులు పిల్లలు ప్రతి వేసవిలో తమ వీథిలోని గూడొకదానిని ఇరువదియడుగుల దూరమునుండి చూచి, ఏనాడేమి జరిగినదో పుస్తకములో వ్రాసి తేవలయునని నియమించితిని. అక్షరదోషములు మెండుగా నుండును. కాని నా సర్వీసులో అంత శ్రద్ధతో వ్రాసిన తెలుగువ్యాసములు వేఱొకటి నేను దిద్దలేదు.

గ్రామము గ్రామమే పక్షికి పుట్టిల్లయిన చోట్లు మన ఉత్తరాంధ్రమున రెండు కలవు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి దరి తేలినీలాపురములో గూడబాతులును, ఎఱ్ఱకాళ్లకొంగలును ఇండ్లనడుమ చెట్లపైననే గూళ్లు కట్టును; ఇచ్ఛాపురము దరి తేలుకుంచిలో నత్తగుల్లకొంగలు వానాకాలమున వచ్చి పిల్లలనెత్తును. నేను పిల్లలను వెంటబెట్టుకొని తేలినీలాపురము పోయితిని. దూరమునుండి చూచువారికి అది చిత్రపటము. చెట్టుక్రింద నివసించువారికి మాత్రము పగలును రేయియు కుళ్లిన చేపల కంపు, పెంకులపై తెల్లని రెట్ట, ముక్కుల టపటప. పిల్లలు ముక్కులు మూసికొనగా, నీళ్లబిందెతో పోవుచున్న ముసలమ్మ యొకతె నిలిచి, "పురిటిల్లు మరి, వాసనెయ్యదేటి బాబూ?" అన్నది. అంతకుమించిన ఉపన్యాసమక్కడ మాకెవరును చెప్పలేదు.

ఆ పక్షులు సైబీరియానుండి వచ్చునని మన పత్రికలు ఏటేట వ్రాయుచున్నవి. ఇది పొరపాటు. చలికాలమున ఉత్తరదేశములనుండి దిగివచ్చు బాతులు వేఱు. అవి యిక్కడ గూడు కట్టవు, తిని తిరిగిపోవును. ఇక్కడ గూడు కట్టు గూడబాతును కొంగయును ఈ దేశపు పక్షులే. మన చెఱువులలో తిని, మన చెట్లపై పుట్టినవే. ఈ భేదము చాదస్తమని తోచవచ్చును. కాని అతిథి యనుకొనినవానికి మనము చూపునది మర్యాద మాత్రమే. ఇంటిబిడ్డయని యెఱిగినపుడు బాధ్యత కూడ కలుగును. 1946లో కె.కె. నీలకంఠన్ అను మలయాళీయుడు, ఆయనయు ఆంగ్లోపాధ్యాయుడే, పశ్చిమగోదావరిలో ఆరేడు గ్రామమున గొప్ప గూడబాతుల నెలవును కనుగొని లోకమునకు తెలిపెను. కాలక్రమమున ఆ నెలవు అంతరించినది. నేడు కొల్లేటిలో ఆటపాకయొద్ద గూడబాతులు మనుష్యులు నిలిపిన ఇనుప మంచెలమీద గూళ్లు కట్టుచున్నవి. గాజువాక కాకి తనంతట కనిపెట్టినదానిని అక్కడ మనము కట్టి యిచ్చితిమి.

దయయందును ఒక చిక్కున్నది. శాంతిపర్వములో జాజలియను తాపసుడు కదలక నిలుచుండగా, కుళింగపక్షుల జంట ఆయన జడలలో గూడు కట్టి గ్రుడ్లు పెట్టినది. పిల్లలు పెరిగి ఎగిరిపోవువఱకును ఆయన కదలలేదు. ఎగిరిపోయిన పిమ్మట, "నావంటి ధర్మాత్ముడెవడు!" అని భుజములు చఱచుకొనెను. కాశిలో తులాధారుడను వర్తకునితో నీవు సాటి రావని ఆకాశవాణి చెప్పగా పోయి ఆయనయొద్ద బుద్ధి తెచ్చుకొనవలసివచ్చెను. తీరపువీథిలో ఉదయముననే బస్తాలకొలది జొన్నలు, మొక్కజొన్నలు పావురములకు చల్లి, ఫోటోలు తీయించుకొని పోవువారిని చూచినపుడు నాకీ కథ జ్ఞాపకము వచ్చును. పావురము కొండచఱియల పక్షి. మన అంతస్తుల మేడలు దానికి యారాడకొండకంటె మంచి కొండలు. మేత ఊరక దొరకినచోట సంవత్సరమంతయు పిల్లలను పెట్టును. దాని రెట్టనుండి లేచు ధూళి కొందఱి ఊపిరితిత్తులకు హాని చేయునని వైద్యులు చెప్పుచున్నారు. జొన్నలు చల్లినవాడు ఇంటికి పోవును. ఆ ధూళి నాలుగవ అంతస్తులోని ఉబ్బసపు ముసలివానిది. దానికంటె మన పూర్వులు సంక్రాంతికి చూరున వ్రేలాడగట్టిన వరికంకుల కుచ్చె మేలు. పిచ్చుక తిన్నంత తిని పోవును.

గడచిన వేసవిలో మా నివాసముల సంఘము సమావేశమైనది. గోడలకు రంగు, బాల్కనీలకు పావురపు వలలు. రెండును ఒక్క గుత్తకే ఇచ్చిరి. పరంజా కట్టుటకు వచ్చిన పనివారు రెండవనాడే నాయొద్దకు వచ్చి, వెనుకగోడ గొట్టపు రంధ్రములో పిచ్చుకలు పిల్లలు పెట్టినవని చెప్పిరి. మాలో ఏడేండ్లుగా ఆ గోడప్రక్కనే నివసించుచున్నవారికెవరికిని ఆ సంగతి తెలియదు. వలలు మాత్రము వెంటనే కట్టుడనియు, కట్టుటకు ముందు ప్రతి బాల్కనీని చూచి, గ్రుడ్లుగాని పిల్లలుగాని యున్నదానిని నెలదినములు విడువుడనియు తీర్మానించితిమి. వెనుకగోడ విషయమున వాదము జరిగినది. పరంజా రోజుకూలి లెక్క చెప్పి ఒకరు, రెండు పిచ్చుకలకై ఇంత రభసయా యని యొకరు. పిచ్చుక పండ్రెండు దినములు పొదిగి, రెండువారములు పెంచుననియు, పిల్లలు ఇప్పటికే అఱచుచున్నవి గనుక పదిదినములకంటె పట్టదనియు నేను చెప్పితిని. క్రింది వాటా మామ్మగారు అంతవఱకును మాటాడలేదు. "పదిరోజులకి గోడేం పారిపోదులే నాయనా" అని లేచిరి.

మేస్త్రీ మిగిలిన మూడుగోడలు ముందు ముగించి, వెనుకగోడను పదునొకండవనాడు మొదలుపెట్టెను. ఆ రంధ్రము చుట్టు బెత్తెడు మేర పాతరంగు అట్లే మిగిలియున్నది. ఎవరు చెప్పిరో నాకు తెలియదు.